సారాంశం వరకే ఉచితం

పటమటలోని ఆ ఎయిడెడ్ కాలేజీ లైబ్రరీకి ఏటా డిసెంబరులో ఒక గండం ఉండేది. వచ్చే ఏడాది ఏ జర్నల్ తెప్పించాలో, ఏది మానెయ్యాలో ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని తేల్చేవాళ్ళు. తొంభైలు మొదలయ్యాక కొత్తగా తెప్పించాల్సిన వాటి ఊసు ఒక్కసారీ రాలేదు. డాలరు రేటు పెరిగిందని ఒక ఏడు, గ్రాంటు రాలేదని ఒక ఏడు, చదివేవాళ్ళు లేరని ఇంకో ఏడు, ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. ఏదైనా జర్నల్ ఆగిపోతే లైబ్రేరియన్ అన్వరీ దాని ఆఖరి సంచికల్ని బైండు చేయించి, బీరువాలో దాని వరసలో సర్ది, పక్కన కొంచెం ఖాళీ వదిలేది.

"ఖాళీ ఎందుకమ్మా?" అని అటెండరు శౌరయ్య అడిగేవాడు.

"మళ్ళీ తెప్పిస్తే ఎక్కడ పెడతావు?" అనేది.

అన్వరీది వించిపేట. తండ్రి రహ్మాన్ పుస్తకాలు బైండు చేసేవాడు. ఆ కాలేజీ జర్నల్స్ చాలావరకు ఆయన చేతి మీదుగానే అట్టల్లోకి వెళ్ళాయి. చిన్నప్పుడు మైదా జిగురు డబ్బా పట్టుకుని తండ్రి వెంట ఆ లైబ్రరీకి వచ్చిన పిల్ల, పెద్దయ్యాక లైబ్రరీ సైన్సు చదివి అక్కడే ఉద్యోగంలో చేరింది. భర్త హబీబ్‌ది ఆటోనగర్‌లో లేతు పని. ఇంట్లో సంపాదన అంతంతమాత్రమే అయినా ఉద్యోగం విషయంలో ఆమెకి ఎప్పుడూ అసంతృప్తి లేదు. ఉన్నదల్లా ఒకటే దిగులు. అడిగిన వాళ్ళకి 'లేదు' అని చెప్పాల్సి రావడం.

సింధూరికి మొదట చెప్పింది కూడా ఆ మాటే.

సింధూరి అప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం. ఉయ్యూరు అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి మాణిక్యాలరావు చెరకు రైతు. ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల పేపర్లో చుట్టిన చెరకు గడ ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"లైబ్రరీలోకి చెరకు తెచ్చావేంటమ్మా, చీమలు పట్టవూ?"

"తినేది కాదు మేడమ్. చూడండి."

గడని నిలువునా చీల్చి తెచ్చింది. లోపలంతా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మధ్యన అడ్డంగా తెల్లటి చారలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన.

"ఎర్రకుళ్ళంట మేడమ్. మా చేనంతా ఇంతే. పైనించి చూస్తే పచ్చగానే ఉంటది, నరికితే ఇదీ. మానాన్న మూణ్ణాళ్ళ నించి అన్నం సరిగ్గా తినట్లా. దీని గురించి మన లైబ్రరీలో ఏమన్నా ఉందా?"

అన్వరీ ఆ సాయంత్రమంతా బైండు వాల్యూములు తిరగేసింది. వృక్షశాస్త్రం వరసలో రెండు వ్యాసాలు దొరికాయి. రెండూ పాతవే. వాటి తర్వాత ఈ తెగులు మీద ఏం కనిపెట్టారో చెప్పే సంచికలు లేవు, ఆ జర్నల్ ఆగిపోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. "ఉన్నది ఇంతేనమ్మా, కొత్తది లేదు" అంది. సింధూరి ఆ రెండు వ్యాసాల్నీ లైబ్రరీ మూసేదాకా కూర్చుని చేత్తో ఎత్తి రాసుకుంది. ఆఖరి బస్సు పోతుందని అన్వరీ గుర్తు చేస్తేగానీ లేవలేదు.

ఆ ఏడు మాణిక్యాలరావు చేనంతా నరికి తగలబెట్టాడు. సింధూరి మాత్రం ఆ తెగుల్ని వదల్లేదు. ఎమ్మెస్సీ చేసింది. తిరిగొచ్చి అదే కాలేజీలో యాజమాన్యం జీతమిచ్చే పార్ట్‌టైమ్ లెక్చరరుగా చేరింది. కృష్ణా డెల్టా చెరకులో ఎర్రకుళ్ళు మీదే పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకుంది. తన ప్రాంతంలో ఈ తెగులు తెచ్చే బూజు మిగతాచోట్ల దానికంటే భిన్నమైందని ఆమె అనుమానం. తట్టుకుంటాయని పేరున్న రకాలు కూడా ఇక్కడ పడిపోతున్నాయి మరి. అనుమానాన్ని సిద్ధాంత గ్రంథం చెయ్యాలంటే బయట ఎవరేం చేశారో ముందు చదవాలి. అది చదవడానికి నెలకోసారి శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళేది. అక్కడి పెద్ద లైబ్రరీల్లో బయటివాళ్ళని రానివ్వాలంటే ఉత్తరం కావాలి. ఉత్తరం అన్వరీ రాసిచ్చేది. లోపలికి వెళ్ళాక కావాల్సిన సంచిక బైండింగుకి వెళ్ళిందనో, జెరాక్సు మిషన్ పాడైందనో చెప్పేవాళ్ళు. సింధూరి సాయంత్రం రైలుకి ఉత్త చేతులతో వచ్చేసేది.

"ఇంకో నెల చూద్దాంలే మేడమ్" అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక అన్వరీ వచ్చే నెల ఉత్తరం అప్పుడే రాసి పెట్టేది.

రెండు వేల నాలుగు చివర్లో హైదరాబాదు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కాలేజీ లైబ్రరీలకి ఇంటర్నెట్ ద్వారా పరిశోధన జర్నల్స్ అందించడానికి రాష్ట్ర ప్రభుత్వమే చందా కడుతుందట. కాలేజీలు చెయ్యాల్సిందల్లా ఒక గది, కరెంటు, టెలిఫోన్ లైను చూపించడమే. కంప్యూటర్లు కూడా వాళ్ళే పంపిస్తారు. దరఖాస్తు చేసుకున్న వాటిలోంచి కొన్ని కాలేజీల్ని ఎంచుకుంటారు.

అన్వరీ ఆ కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. వెంటనే ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన చెడ్డమనిషేం కాదు. కంకిపాడు వైపు మంచి వ్యవసాయ కుటుంబం, ఒకప్పుడు ఫిజిక్సు బాగా చెప్పేవాడని పేరు. ప్రిన్సిపాలయ్యాక మాత్రం ఏ విషయమైనా పక్క కాలేజీలో ఉందా లేదా అన్నదొక్కటే ఆయనకి పట్టేది.

"మనకెందుకమ్మా ఇవన్నీ? చదివేదెవరు?"

"సింధూరి ఉందండీ. ఇంకా నలుగురు రిజిస్టరు చేసుకుని మధ్యలో వదిలేశారు. దొరికితే వాళ్ళూ చదువుతారండీ."

"గవర్నరుపేట కాలేజీ వాళ్ళు అప్లై చేశారా?"

"చేశారటండీ" అంది అన్వరీ. నిజానికి ఆ సంగతి ఆమెకి తెలియదు.

ఆయన యాజమాన్యం మీటింగులో పెట్టించాడు. కమిటీ సభ్యులకి విషయం వివరించమని అన్వరీనే నిలబెట్టారు. ఉద్యోగంలో చేరాక ఆమె మీటింగులో మాట్లాడడం అదే మొదలు. "ఇప్పటిదాకా మనం కొన్నవన్నీ పెట్టడానికి ఒక హాలు పట్టిందండీ. ఇందులో అంతకు వెయ్యిరెట్లు, అంగుళం జాగా అక్కర్లేకుండా వస్తాయి. ఉయ్యూరు నించొచ్చే పిల్ల, అమెరికాలో చదివే పిల్ల ఒకే రోజున ఒకే పేజీ చదువుతారు" అంది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి అన్నం దగ్గర హబీబ్‌కి ఆ చప్పట్ల సంగతి చెప్పుకుంది.

ఎంపికైన కాలేజీల్లో వాళ్ళదీ వచ్చింది.

మరుసటి మే నెలలో బందరులో ఉన్న హబీబ్ తల్లికి పక్షవాతం వచ్చింది. అన్వరీ సెలవు పెట్టి వెళ్ళి ఆమె దగ్గరుంది. జూన్‌లో తిరిగొచ్చి లైబ్రరీ తలుపు తీసేసరికి లోపల హాలు సగం బోసిగా ఉంది. జర్నల్స్ బీరువాలు ఉన్న చోట గోడలకి కొత్త సున్నం. నేల మీద టైల్స్. అద్దాల తలుపు బిగిస్తున్నారు.

"శౌరయ్యా, వాల్యూములేవీ?"

శౌరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నేను చెప్పానమ్మా, మేడమ్ వచ్చేదాకా ఆగండీ అని. అప్పటికే లారీ వచ్చేసింది."

"ఏ లారీ?"

"పాత పేపర్ల కొట్టుదమ్మా. తూకానికి ఇచ్చేశారు."

అన్వరీ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. అనుమతి అడగకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన ఆశ్చర్యపోయాడు.

"కూర్చోమ్మా. గది చూశావా? గవర్నరుపేట వాళ్ళ దగ్గర కూడా ఏసీ లేదు."

"వాల్యూములు అమ్మేశారటగా సర్."

"మరి జాగా ఎక్కడిది? నువ్వే కదమ్మా మీటింగులో చెప్పింది, అన్నీ అంగుళం జాగా లేకుండా వస్తాయని? అదే పాయింటు కమిటీ వాళ్ళు పట్టుకున్నారు. అన్నీ కంప్యూటర్లో వచ్చేటప్పుడు ఈ దుమ్మెందుకన్నారు. తప్పేముంది అందులో?"

తన మాటని తనకే ఎదురు తిప్పితే అన్వరీ ఏమని వాదిస్తుంది? అక్కణ్ణించి ఆటో ఎక్కి వన్‌టౌన్‌లో ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. కాగితం అప్పటికే మిల్లుకి పోయింది. అట్టలు గుజ్జుకి పనికిరావని చించి పక్కన పడేశారు. ముదురు ఎరుపు కాలికో గుడ్డ వేసిన అట్టల గుట్ట, వెన్నుల మీద బంగారు రంగు అక్షరాలు. అన్నీ రహ్మాన్ చేసినవి. కొట్టువాడు "కావాలంటే తీసుకెళ్ళండమ్మా, పొయ్యిలోకి పనికొస్తాయి" అన్నాడు. ఆమె ఏమీ తీసుకోలేదు.

ఆ దుఃఖాన్ని కొన్నాళ్ళపాటైనా మరిపించింది ఆ కొత్త గదే. అది మాత్రం అబద్ధం కాదు.

ఆగస్టులో లైను వచ్చింది. ప్రారంభోత్సవానికి పెద్దలొచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు, వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక సింధూరి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎన్నో నెలల నుంచి వెంటపడుతున్న ఒక వ్యాసం పేరు కొట్టింది. తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. తర్వాత పేజీలు ఒక్కొక్కటే, బొమ్మలతో సహా విచ్చుకున్నాయి.

సింధూరి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మేడమ్! దీనికోసం నేను నాలుగుసార్లు రైలెక్కాను."

ఆ తర్వాత రెండేళ్ళు అన్వరీ జీవితంలో మంచి రోజులు. కరెంటు పోయేది, లైను పోయేది, రెండూ ఉన్నప్పుడు ప్రింటరు మొరాయించేది. అయినా మధ్యలో వదిలేసిన ఆ నలుగురిలో ఇద్దరు వెనక్కి వచ్చారు. కామర్స్ మాస్టారొకాయన మౌస్ పట్టుకోవడం అన్వరీ దగ్గరే నేర్చుకుని ఒక వ్యాసం రాసి పంపాడు. సింధూరి క్లాసులయ్యాక వచ్చి కూర్చునేది. బ్రెజిల్‌లో ఎవరో, ఆస్ట్రేలియాలో ఎవరో అదే తెగులు మీద చేసిన పనంతా చదివింది. తండ్రి చేలోంచి, చుట్టుపక్కల చేలల్లోంచి గడలు తెచ్చి కాలేజీ ల్యాబులో బూజుని పెంచి చూసింది. తన అనుమానం నిజమేనని ఆధారాలు కనబడడం మొదలైంది.

ఒకసారి మాణిక్యాలరావు ఏదో పనిమీద బెజవాడ వచ్చి లైబ్రరీకీ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రండి అన్నయ్యగారూ."

"ఫర్లేదమ్మా, కాళ్ళకి మట్టుంది. మా అమ్మాయి చదివేది ఇందులోనేనా?" అని తెర వంక చూశాడు. తెర మీద చీల్చిన చెరకు గడ ఫోటో ఉంది. దగ్గరికెళ్ళి వంగి చూసి, "ఇది మన చేందే!" అన్నాడు.

"కాదు నాన్నా, బ్రెజిల్‌ది" అంది సింధూరి.

"అక్కడా ఇంతేనా పాపం" అన్నాడాయన.

అందరూ నవ్వారు.

రెండు వేల ఏడు వేసవి తర్వాత కాలేజీ తెరిచిన వారంలో సింధూరి అన్వరీని పిలిచింది. వ్యాసం పేరు నొక్కితే సారాంశం ఒక్కటీ కనిపిస్తోంది. మిగతాది చదవాలంటే డబ్బు కట్టమని అడుగుతోంది. ఇంకోటి నొక్కారు. అదీ అంతే. కిందటి నెలలో చదివినదాన్ని నొక్కారు. అదీ అంతే.

లైను తేడా ఏమో అనుకుని అన్వరీ హైదరాబాదులో ఆ జర్నల్స్ ఏజెంటుకి ఫోను చేసింది.

"లైను కాదు మేడమ్. గవర్నమెంటు నించి రెన్యువల్ రాలేదు. అందుకని ఆపేశారు."

"కొత్తవి ఆపారు, సరే. పాతవో? మా పేరు మీద చందా కట్టిన సంవత్సరాలవి కూడా రావట్లేదేంటండీ?"

"అవీ రావు మేడమ్. ఇది అద్దెకున్నట్టు. కడుతున్నన్నాళ్ళే. ఖాళీ చేశాక ఇంట్లోకి రానిస్తారా?"

ఫోను పెట్టేశాక అన్వరీ ఆ గది చుట్టూ చూసింది. మూలుగుతున్న ఏసీ, నున్నటి టైల్స్, నాలుగు కంప్యూటర్లు. బీరువాలు ఉన్న చోటు. అద్దె కొంప చూసుకుని సొంత ఇల్లు అమ్ముకున్నట్టయింది.

మరునాడు ఆమె కూడా శాతవాహన ఎక్కింది. ఆఫీసులో ఒక గదిలోంచి ఇంకో గదికి పంపగా పంపగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక సెక్షన్ అధికారి కూర్చోమన్నాడు. మర్యాదస్తుడే. టీ కూడా తెప్పించాడు.

"మీది ఏ కాలేజీ అన్నారు? ఆ, చూశాను. మీ దగ్గర వాడకం బ్రహ్మాండంగా ఉందమ్మా. రాష్ట్రంలోనే ముందున్న వాటిలో ఉన్నారు."

"మరి ఎందుకు ఆపేశారండీ?"

"మీ ఒక్కళ్ళ సంగతి కాదమ్మా, సగటు చూస్తారు. సగం కాలేజీల్లో కంప్యూటర్లు అట్టపెట్టెల్లోంచి బయటికి తియ్యలేదు. కొన్నిచోట్ల ప్రిన్సిపాల్ గదిలో పెట్టుకున్నారు. పైవాళ్ళు లెక్కలు తెప్పించుకుని, ఎవరూ వాడని దానికి ఇంత ఖర్చెందుకన్నారు."

"విప్పనివాళ్ళని అడగాలి గానీ, విప్పి చదువుకునేవాళ్ళకి ఆపేస్తారా?"

"పథకం ఒక్కటే కదమ్మా. ఇస్తే అందరికీ ఇవ్వాలి, ఆపితే అందరికీ ఆపాలి." ఆయన ఫైలు తిరగేసి ఒక పేరా మీద వేలు పెట్టాడు. "అదీగాక ఇది మొదటి దశ మాత్రమేనని, తర్వాత కాలేజీలే సొంతంగా చూసుకోవాలని జీవోలోనే ఉంది. మీ ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు, ఇదుగో."

"పార్ట్‌టైమ్ లెక్చరర్లకి జీతాలివ్వడానికే మా వాళ్ళు తంటాలు పడుతున్నారండీ. సొంతంగా ఎక్కణ్ణించి చూస్తారు?"

ఆయన నిజంగానే బాధపడుతున్నట్టు మొహం పెట్టాడు. "నేను మాత్రం ఏం చెయ్యగలనమ్మా? టీ తాగండి, చల్లారిపోతుంది."

తిరుగు రైల్లో ఆమెకి కోపం కూడా రాలేదు. ఎవరిమీద కోప్పడాలో తేలితే కదా. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని బెజవాడ స్టేషన్లో దిగాక గుర్తొచ్చింది.

సింధూరి మాత్రం తొందరగా ఓడిపోలేదు. వ్యాసాలు రాసినవాళ్ళకి మెయిల్స్ పెట్టింది. కొందరు పంపారు, ఎక్కువమంది పలకలేదు. మళ్ళీ హైదరాబాదు రైలెక్కింది. ఈసారి అక్కడా అచ్చు జర్నల్స్ లేవు. అవీ కంప్యూటర్లలోకి వెళ్ళిపోయాయి, బయటివాళ్ళకి పాస్‌వర్డు ఇవ్వరు. ఇదివరకు ఉత్తరం చూపిస్తే తలుపన్నా తెరిచేవాళ్ళు. ఇప్పుడు లోపలికి వెళ్ళినా చదవడానికేం లేదు.

ఆ చలికాలంలో కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందన్నారు. గోడలకి రంగులు పడ్డాయి. పూలకుండీలు అద్దెకి తెచ్చారు. రామకోటేశ్వరరావు లైబ్రరీకి వచ్చి అన్వరీతో మెల్లగా చెప్పాడు.

"ఆన్‌లైన్ జర్నల్స్ ఉన్నాయనే రిపోర్టులో రాశామమ్మా. ఉన్నాయి కదా, మొన్నటిదాకా. అప్పుడు తీసిన ప్రింట్లు కొన్ని బల్ల మీద పెట్టు. తెర మీద సారాంశాలు వస్తున్నాయిగా, అవి తెరిచి ఉంచు. వాళ్ళేం లోపలికెళ్ళి చూడరు."

"అడిగితే?"

"అడగరు. అడిగితే సర్వరు డౌన్ అని చెప్పు."

బృందంలో ఒక పెద్దాయన, ఎక్కడో పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, అద్దాల గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏదైనా ఒకటి తెరవండి, చూద్దాం" అన్నాడు. వెనకాల రామకోటేశ్వరరావు, కమిటీ సభ్యులు, ఒక మూలన సింధూరి.

సర్వరు డౌన్ అనడానికి అన్వరీ నోరు తెరిచింది. సింధూరి మొహం కనిపించింది.

"తెరుచుకోదండీ. ప్రభుత్వం చందా ఆపేసింది. సారాంశం వరకే వస్తుంది."



"మరి పాత అచ్చు సంచికలైనా ఉన్నాయా?"

"లేవండీ. ఈ గది కోసం అమ్మేశారు."

ప్రొఫెసరు తల పంకించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. బయటికి నడుస్తూ, పక్కనున్న అన్వరీతో ఓదార్పుగా అన్నాడు: "మా దగ్గర అన్నీ వస్తాయమ్మా. చదివేవాళ్ళే లేరు మాకు."

అది ఓదార్పు ఎలా అవుతుందో ఆమెకి అర్థం కాలేదు.

నివేదికలో లైబ్రరీ గురించి ఒక్క వాక్యం ఉంది: ఆన్‌లైన్ వనరుల్ని మరింత మెరుగుపరచుకోవలసి ఉంది. కాలేజీకి అనుకున్న గ్రేడే వచ్చింది. ఆమె నిజం చెప్పినందువల్ల పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. మార్పల్లా రామకోటేశ్వరరావులోనే. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఏది కావాలన్నా శౌరయ్యతో చెప్పి పంపేవాడు. కొన్నాళ్ళకి అద్దాల గదిని స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకి ఇచ్చేశారు.

మరుసటి జూన్‌లో సింధూరి రాజీనామా కాగితం పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. బందరు రోడ్డు మీద ఒక కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో ఎంసెట్ బోటనీ చెప్పడానికి ఉద్యోగం వచ్చిందట.

"పీహెచ్‌డీ?"

"టైమ్ అయిపోవస్తోంది మేడమ్. పొడిగించమంటే మా గైడు గారు ఒకటే అడిగారు, ఈ ఏడాదిలో వచ్చిన పని గురించి నీకేం తెలుసని. ఏం చెప్పను? సారాంశాలు తెలుసునండీ అని చెప్పనా?"

అన్వరీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ ల్యాబు పని ఉందిగా. అదెక్కడికి పోతుంది?"

"నేను చేసింది కొత్తదో, ఎవరో ముందే చేసేశారో కూడా నాకు తెలీదు మేడమ్." ఆమె ఏడవలేదు. లైబ్రరీ కార్డు తీసి బల్ల మీద పెట్టి, "శౌరయ్యగారికి కూడా చెప్పండి" అని వెళ్ళిపోయింది.

ఇంకో ఏడాది గడిచింది. ఒక ఆదివారం మాణిక్యాలరావు అన్వరీ ఇంటికి ఫోను చేశాడు. మాటల మధ్యలో, "కిందటేడు ఎవరో సైంటిస్టులు వచ్చి మా చేలో గడలు కోసుకెళ్ళారమ్మా. అప్పుడు పట్టించుకోలేదు గానీ, మా చెరకు గురించి ఏదో పత్రికలో వేశారని వ్యవసాయాఫీసరు చెప్పాడు. అమ్మాయితో అంటే ఊరుకుంది. మీరేమన్నా చూస్తారా?" అన్నాడు.

సోమవారం స్పోకెన్ ఇంగ్లీషు పిల్లలు వెళ్ళాక అన్వరీ వెతికింది. దొరికింది. ఎక్కడో దూరంగా ఉన్న పరిశోధన సంస్థవాళ్ళు రాశారు. కృష్ణా డెల్టా చెరకులో ఎర్రకుళ్ళు తెచ్చే బూజు ఒక ప్రత్యేకమైన రకమని సారాంశం చెబుతోంది. సింధూరి అనుమానించింది, ల్యాబులో సగం తేల్చింది అదే. సారాంశం కింద డబ్బు కట్టమన్న మాట. ఆ చేలు ఇక్కడివే, ఆ తెగులూ ఇక్కడిదే. దాని గురించి రాసింది ఇక్కడివాళ్ళు చదవడానికి లేదు.

వ్యాసం రాసినవాళ్ళలో ఒకరికి అన్వరీ తనకొచ్చిన ఇంగ్లీషులో మెయిల్ పెట్టింది. మర్నాటికి మొత్తం వ్యాసం వచ్చేసింది, నమస్కారాలతో సహా. ఇంత తేలికా అనిపించి ఇంకా మండిపోయింది. ప్రింటు తీయించుకుని, సాయంత్రం సింధూరి కాలేజీకి వెళ్ళింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఏ సెక్షనమ్మా మీ పాప? పేరెంట్స్‌కి ఆదివారమే."

"పేరెంటుని కాదు బాబూ. బోటనీ మేడమ్ గారితో పని."

క్లాసుకీ క్లాసుకీ మధ్యలో సింధూరి కిందికి వచ్చింది. వేళ్ళకి చాక్‌పీస్ పొడి, మెళ్ళో ఐడీ కార్డు, ముఖం పీక్కుపోయింది. కాగితాలు అందుకుని నిలబడే చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో ఆగింది. మూడో పేజీలో ఒక పట్టిక దగ్గర వేలు పెట్టి, "నేనూ ఇదే టేబులు వేశాను మేడమ్. రకాలు కూడా అవే" అంది. ఆఖరి పేజీలో కృతజ్ఞతలు చూసింది. సహకరించిన స్థానిక రైతులకి ధన్యవాదాలని ఉంది. "స్థానిక రైతులు" అని పైకి చదివింది.

"నీది తప్పని ఎవరూ అనలేరిప్పుడు. మీ గైడు గారికి చూపించి మళ్ళీ..." అంది అన్వరీ.

"ఒకళ్ళు చేసేశాక ఇంక నాకెందుకిస్తారు మేడమ్?" కాగితాలు మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "ఇవి మీ దగ్గరే ఉంచండి. నా దగ్గరుంటే పడుకోబుద్ధి కాదు."

గంట మోగింది. సింధూరి మెట్లెక్కి వెళ్ళిపోయింది. అన్వరీ గేటు దాకా వచ్చేసరికి పై అంతస్తు కిటికీలోంచి మైకులో సింధూరి గొంతు వినిపిస్తోంది.

"రాసుకోండి. చెరకులో ఎర్రకుళ్ళు తెగులు, కారకం కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. బిట్టు వస్తుంది. పేరు గుర్తుంటే చాలు, మిగతాది మనకక్కర్లేదు."

అన్వరీ ఇంకో రెండేళ్ళకి రిటైరైంది. వీడ్కోలు సభలో రామకోటేశ్వరరావు చాలా రోజుల తర్వాత ఆమె పేరెత్తాడు. కాలేజీని కంప్యూటర్ యుగంలోకి నడిపించిన ఘనత అన్వరీ గారిదేనన్నాడు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకిస్తే ఆమె వద్దంది. ఆ పోస్టు తర్వాత నింపలేదు. లైబ్రరీ తాళాలు ఇప్పుడు శౌరయ్య దగ్గర ఉంటున్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే తీస్తాడు.